సగమే చూపిస్తోంది

మే 28

ఒరేయ్ చిన్నోడా,

క్షేమంగా చేరినట్టు నీ కార్డు ముక్క వచ్చింది. ముక్క అనే అంటాను. మూడే మూడు వాక్యాలు, అందులో ఒకటి "ఉంటాను". సొరంగం తవ్వే చోట ఫోనుకి సిగ్నలు లేదు, ఉత్తరాలు సరుకుల లారీలోనే రావాలి పోవాలి అని నువ్వే చెప్పావు కదా. పాపం ఆ లారీ కొండ దిగి ఇంత దూరం వచ్చింది ఈ మూడు వాక్యాలు మొయ్యడానికా? ఈసారి కాస్త చేతికి పని చెప్పి రాయి.

ఇప్పుడు అసలు సంగతి. సెలవులో నువ్వు బిగించి వెళ్లిన కంప్యూటరు పనిచేస్తోంది. తెర మీద బొమ్మ వచ్చేసరికే బయట లారీ హారను కొట్టేస్తున్నాడు, నువ్వు సంచి తగిలించుకుని పరుగెత్తావు. మిగతాదంతా నువ్వు ఇచ్చిన పెన్ డ్రైవ్‌తో నేనే ఎక్కించాను. చూశావా మీ అక్క తెలివి! గొప్పగా మీ బావని పిలిచి, కంప్యూటరు తన గురించి తాను చెప్పుకునే పేజీ ఉంటుంది చూడు, అది తెరిచాను. ఒక్కటీ కలవలేదు. డిస్కు అట్ట మీద వెయ్యి అని ఉంది, ఇది తొమ్మిదివందల ముప్పై ఒకటి అంటోంది. మెమరీ వేగం అట్ట మీద మూడువేల రెండువందలు, ఇది రెండువేల నూట ముప్పై మూడంటోంది. అన్నిటికంటే ఘోరం, పదహారేసి రెండు మెమరీ కడ్డీలు పెట్టావా, పదహారే చూపిస్తోంది. నేను లెక్కల్లో మొద్దునే కానీ పదహారు రెళ్లు ముప్పై రెండని నాకూ తెలుసు.

మీ బావ వెనకాల నిలబడి, "మీ తమ్ముడు సగం మెమరీ జేబులో వేసుకుపోయినట్టున్నాడే" అన్నారు. ఆయన వేళాకోళాలు నీకు కొత్తా. రోజంతా బస్సు తోలి వచ్చిన మనిషికి నన్ను ఉడికించకపోతే అన్నం అరగదు.

ముందు గది ఖాళీ చేయించి వెల్ల వేయించాను. నీ షాపు ఉన్న వరసంతా పడగొట్టేసినప్పుడు నువ్వు అన్న మాట నేను మరిచిపోలేదు. సొరంగంలో రెండేళ్లు చేసి వచ్చి మా ముందు గదిలోనే రిపేరు షాపు పెడతానన్నావు. ఇంక వచ్చే ఎండాకాలమేగా. "మా తమ్ముడి షాపులో మొదట తయారైన సరుకు ఇదే" అని ఈ కంప్యూటరుని వీధిలో అందరికీ చూపించాను. అది కాస్తా ఇలా తక్కువ చెప్పి నా పరువు తీస్తోంది.

అన్నట్టు, సామాన్లు పరిచి కూర్చున్నావే, ఆ పసుపు టేబుల్ క్లాతు మీద గోధుమరంగు మరకలు పడ్డాయి. రెండుసార్లు ఉతికినా పోలేదు. టీ ఒలకబోశావా? చెప్పి చావచ్చు కదా, అప్పుడే నానబెట్టేదాన్ని. ఆ రోజు నీ చాదస్తం కూడా ఏం తక్కువా! ఎండ మండిపోతుంటే ఫ్యాను ఆపమని ఒకటే గోల. చెమటకి ఆగలేక నేను మళ్లీ వేస్తే నా మీద కసురుకున్నావు. దుమ్ము పడుతుందనా?

జవాబు పొడుగ్గా రాయి.

నీ అక్క

జూన్ 6

అక్కా,

రాత బాగాలేదని తిట్టకు. ఇక్కడ బల్ల లేదు, మోకాలి మీద పెట్టి రాస్తున్నాను.

డిస్కులో మోసం లేదు. తయారుచేసేవాడు వెయ్యి లెక్కన కొలుస్తాడు. కంప్యూటరు వెయ్యిన్నీ ఇరవై నాలుగు లెక్కన కొలుస్తుంది. అవే పాలు చిన్న గ్లాసుతో కొలిస్తే ఎక్కువ గ్లాసులు, పెద్ద గ్లాసుతో కొలిస్తే తక్కువ. పాలు ఎక్కడికీ పోలేదు.

వేగం సంగతి. కొత్త బోర్డుకి ఎవరి మీదా నమ్మకం ఉండదు. మనం చెప్పేదాకా మెమరీని నెమ్మదిగానే నడిపిస్తుంది. ఆన్ చెయ్యగానే డిలీట్ మీట నొక్కుతూ ఉండు. ఒక పేజీ వస్తుంది. అందులో మెమరీ ప్రొఫైల్ అని ఉన్నచోట ఆన్ చేసి, సేవ్ చేసి బయటికి రా. సరిపోతుంది.

మూడోది మాత్రం నాకు అంతుపట్టడం లేదు. రెండూ నేనే పెట్టాను. తనకి అందినదాన్నే అది లెక్కపెడుతుంది. సామాన్లు అమ్మిన కొట్టువాడు ఒకటి పాడైనది అంటగట్టి ఉంటాడు. వెళ్లి గట్టిగా అడుగు. కంప్యూటరు పెట్టె మాత్రం తెరవకు.

క్లాతు సంగతి నాకు తెలియదు. టీ ఒలకలేదే.

బావని అడిగానని చెప్పు.

చిన్నోడు

జూన్ 15

చిన్నోడా,

వేగం సరిపోయింది! ఆ నీలం పేజీ చూసి కంప్యూటరు చెడగొట్టానేమో అనుకున్నాను కానీ, నువ్వు చెప్పినట్టే చేశాను. మూడువేల రెండువందలు చూపిస్తోంది. డిస్కు కథ మీ బావకి పాలగ్లాసులతో సహా చెప్పాను. "పాలు సరే, మరి తప్పిపోయిన ఆ రెండో గేదె ఎక్కడ?" అన్నారు. నేను నవ్వలేదు. ఎందుకంటే ఆ మెమరీ సంగతే నా ప్రాణం తీస్తోంది.

బిల్డరు పని ఒప్పుకున్నానని చెప్పాను కదా. ఇన్నాళ్లూ గదులకి గీతలు గీసి ఇవ్వడమే. ఈసారి మొత్తం అపార్ట్‌మెంటు బయటినుంచీ లోపలినుంచీ కనబడేలా బొమ్మ చెయ్యాలి. దానికోసమేగా ముప్పై రెండు ఉండాలని నువ్వు అన్నది. పదహారుతో మెట్లదాకా వస్తోంది, అక్కడ బిగుసుకుపోతోంది. ఆపి మళ్లీ మొదలుపెట్టు. మళ్లీ మెట్లదాకా. ఆ మెట్లు నా కలలోకి కూడా వస్తున్నాయి.

కొట్టుకి వెళ్లాను. అతను నిదానంగానే మాట్లాడాడు. "పెట్టె ఇక్కడికి తెండమ్మా, రెండు నిమిషాల పని. మెమరీ తీసి మళ్లీ గుచ్చితే సగం జబ్బులు అక్కడే పోతాయి. సరిగ్గా కూర్చుని ఉండదు" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. "మా తమ్ముడు కళ్లు మూసుకుని స్క్రూ ముట్టుకుని అది ఏ సైజో చెప్పేవాడు. వాడు పెట్టింది కూర్చోకపోవడమేమిటి? మీ సరుకే దండగ" అని నలుగురిలో దులిపేసి వచ్చాను. బాగా చేశానా?

కానీ ఇంటికొచ్చాక అనిపించింది, తీసుకెళ్లి చూపిస్తే పోయేదేముంది అని. తీసుకెళ్లనా? వెంటనే రాయి. బిల్డరు తొందరపెడుతున్నాడు.

నువ్వు ఎలా ఉన్నావో ఒక్క ముక్క రాయవేం? తిండి ఎలా ఉంది? ఇంకా ఆ రాయి తొలిచే మిషను మీదేనా పని?

అక్క

జూన్ 24

అక్కా,

వద్దు. ఎవరి చేతా ముట్టించకు. నేను పెట్టినదాన్ని వాడు తీసి పెట్టడమేమిటి. నేను వచ్చాక చూస్తాను.

ఆ మిషను మీదే పని. లోపల ఊట నీళ్లు, చలి. తిండికి లోటు లేదు.

చిన్నోడు

జూలై 4

చిన్నోడా,

నువ్వు వచ్చాక చూస్తావా? నువ్వు వచ్చేది వచ్చే ఎండాకాలం. బిల్డరు మొన్ననే వచ్చి కాగితాలన్నీ వెనక్కి తీసుకుపోయాడు. "మీ మిషను మెట్లెక్కేసరికి మా బిల్డింగే లేస్తుందమ్మా" అన్నాడు. అతని వెనక వచ్చినవాళ్లు నవ్వారు. నేను లోపలికి వెళ్లి కుక్కరు తోముతూ కూర్చున్నాను. ఏడుపు ఆగలేదు.

నాకు కోపంగా ఉంది. దాచుకోను. తీసుకెళ్లి చూపిస్తానంటే వద్దంటావు. తెరవకంటావు. ఎందుకని అడిగితే జవాబు కార్డు ముక్కలో సగం. మీ బావ వేళాకోళానికి అన్న మాటే ఇప్పుడు నా బుర్రలో తిరుగుతోంది. నిజం చెప్పు. రెండోది పెట్టావా? చిన్నప్పటి నుంచీ ఎవరేం అడిగినా చేతిలోది ఇచ్చేసే గుణం నీది. అక్కడ ఎవరికో అవసరమైతే ఇచ్చేసి ఉంటావు. చెప్పేస్తే పోయేది. నేనేమీ అననురా. నన్ను పిచ్చిదాన్ని చేసి ఆ కొట్టాయన మీదికి పంపావే, అదే మండుతోంది.

ముందు గది అద్దెకిస్తారా అని ఒక దర్జీ అడుగుతున్నాడు. లేదు, మా తమ్ముడు వస్తున్నాడు అన్నాను. చెప్పాక నాకే అనుమానం వచ్చింది. నువ్వు వస్తానన్న మాట కూడా ఈ మెమరీ లాగే సగమేనా?

అక్క

జూలై 12

అక్కా,

రెండూ పెట్టాను.

గది ఆ దర్జీకి ఇచ్చెయ్యి.

జూలై 20

చిన్నోడా,

నీ కార్డు చదివి మీ బావకి ఇచ్చాను. ఆయన చదివి, "ఇదేమిటి, కింద పేరు కూడా పెట్టలేదు" అన్నారు. కార్డు తిప్పి వెనకవైపు కూడా చూశారు. నాకు భయం వేసింది. కోపమొస్తే నువ్వు నాలుగు మాటలు తిరిగి అంటావు గానీ, ఇలా ఊరుకునేవాడివి కాదు.

ఆయన డ్యూటీకి వెళ్లాక పెట్టె తెరిచాను. నువ్వు వద్దన్నావు, తెలుసు. పక్క రేకు విప్పి లోపలికి టార్చి వేశాను. రెండు కడ్డీలూ ఉన్నాయిరా. ఉన్నాయి. నా నోరు పడిపోను, తమ్ముణ్ణి ఎంత మాట అన్నానురా.

తర్వాత బాగా చూశాను. ఒక కడ్డీ పూర్తిగా దిగి ఉంది. రెండోది ఒక కొసన దిగి, రెండో కొసన పైకే ఉండిపోయింది. మందం ఎంతనుకున్నావు, గోరంత. నువ్వు మొదటిది పెట్టినప్పుడు చూశాను కనక, రెండు బొటనవేళ్లూ ఆనించి నొక్కాను. "టిక్" మంది. పక్కనున్న చిన్న కొక్కెం దానంతటదే వచ్చి పట్టుకుంది. ఆన్ చేస్తే ముప్పై రెండు.

సంతోషించాలి కదా. సంతోషం రాలేదు. కొట్టాయన చెప్పిందే నిజమైంది, అదీ కాదు బాధ. నీ చేతిలో గోరంత తేడా ఎలా ఉండిపోయింది? మన ఇంటి రేడియో నుంచి పక్కింటి మిక్సీ దాకా నీ చెయ్యి పడితే మాట్లాడకుండా లేచి కూర్చునేవి. అందుకని టార్చి పట్టుకుని ఇంకా చూశాను. ప్రతి స్క్రూ చుట్టూ గీతలే. స్క్రూడ్రైవరు జారి, మళ్లీ జారి గీసుకున్న గీతలు. బోర్డు కింద ఒక స్క్రూ పడి ఉంది, తియ్యలేదు. రేకు అంచున, లోపలివైపు, ఎండిపోయిన నెత్తురు ఉంది.

అప్పుడు క్లాతు తెచ్చి వెలుతురులో పెట్టి చూశాను. అది టీ కాదు.

నీకు వేలు తెగింది. తెగినట్టు నీకు తెలియలేదు. తెలిసి ఉంటే అమ్మా అని అరిచేవాడివి, చిన్న ముల్లు గుచ్చుకున్నా ఇల్లు ఎగరగొట్టేవాడివి కదా. ఆ రోజువి ఒక్కొక్కటే గుర్తొస్తున్నాయి. "అక్కా, ఆ స్క్రూ నువ్వు తియ్యి, నీ గోళ్లు పొడుగు" అన్నావు. నేను మురిసిపోయి తీసి ఇచ్చాను. టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నావు. ఎండాకాలంలో చలా అని నవ్వాను. వారం రోజులున్నావు, ఒక్కరోజు కూడా గుండీల చొక్కా వెయ్యలేదు. నేను తెచ్చిన కొత్త చొక్కా మడత విప్పకుండా బీరువాలో పెట్టేసి వెళ్లావు. రంగు నచ్చలేదేమో అనుకుని ముఖం మాడ్చుకున్నాను కూడా.

ఒరేయ్, నీ చేతులకి ఏమైంది?

కార్డు ముక్క రాస్తే ఊరుకోను. మీ బావని వెంటబెట్టుకుని ఆ లారీ ఎక్కి వచ్చేస్తాను.

అక్క

ఆగస్టు 2

అక్కా,

ఈ రాత నాది కాదు. ఇక్కడ వంట చేసే ఆయన రాస్తున్నాడు, నేను చెబుతున్నాను. ఇన్నాళ్లూ ముక్కలు ఎందుకు రాశానో ఇప్పుడు తెలిసిందిగా. నాలుగు వరసలు రాసేసరికి కలం వేళ్లలోంచి జారిపోతుంది. డిస్కు సంగతి చెప్పిన ఆ ఒక్క పొడుగు ఉత్తరం మూడు రోజులు రాశాను. పట్టుకున్నానో లేదో చూసుకుంటే తప్ప తెలియదు.

రాయి తొలిచే మిషను నీకు తెలియదు. భుజానికి ఆనించి, రెండు చేతులతో పట్టుకుంటే పొద్దుణ్ణించీ సాయంత్రం దాకా మనిషంతా వణుకుతాడు. పని అయ్యాక కూడా చేతుల్లో ఆ వణుకు ఉండిపోతుంది. మొదట్లో పడుకునే ముందు జివ్వుమనేవి. తర్వాత పొద్దున చలికి వేళ్లు తెల్లగా అయిపోయేవి, కొవ్వొత్తుల్లాగా. వేడినీళ్లలో పెడితే మంట. తర్వాత తర్వాత మంట కూడా తగ్గింది. తగ్గిందని సంబరపడ్డాను అక్కా. తగ్గడమే జబ్బని తెలియలేదు.

సెలవుకి వచ్చినప్పుడు బాగానే చేస్తాననుకున్నాను. ఎండ కదా, వేళ్లు తెల్లబడవు అనుకున్నాను. తెల్లబడలేదు, కానీ ముట్టుకున్నది తెలియలేదు. స్క్రూ పట్టుకుంటే ఏమీ పట్టుకోనట్టే ఉంది. ఎన్ని జారాయో నువ్వు చూడకుండా వీపు అడ్డం పెట్టుకున్నాను. వేలు తెగిన సంగతి లారీలో కూర్చున్నాక, పక్కనున్నవాడు చెబితే చూసుకున్నాను.

మెమరీ పెట్టేటప్పుడు చేతికి ఒక చిన్న దెబ్బలా తగులుతుంది, పూర్తిగా దిగిందని. అదే మాకు గుర్తు. అది తగలడం లేదు. అందుకని చెవితో విందామనుకున్నాను. టిక్‌మనడం వినబడితే చాలు. అందుకే ఫ్యాను ఆపమన్నాను. మొదటిది వినబడింది. రెండోదానికి నువ్వు ఫ్యాను వేశావు. నువ్వేం చేస్తావు, చెప్పి ఉంటే కదా. కసురుకున్నందుకు ఇప్పటికీ బాధగా ఉంది. ఫ్యాను చప్పుడులో ఏదో విన్నాననుకున్నాను. ఆన్ చేస్తే మొదటి తెర మీదే ఎంత మెమరీ ఉందో అంకె వస్తుంది. ఎప్పుడూ ముందు అదే చూసేవాణ్ణి. ఆ రోజు తల తిప్పేసుకున్నాను. తప్పు చూపిస్తే నీ ముందు మళ్లీ విప్పాలి, మళ్లీ పెట్టాలి. అంత ధైర్యం లేకపోయింది.

కొట్టాయనని తిట్టించాను. ఆయనకి నా తరఫున క్షమించమని చెప్పు.

పట్నం నుంచి వచ్చిన డాక్టరు చూశాడు. వేళ్లకి వెళ్లే నరాలు దెబ్బతిన్నాయట. మిషను మానేస్తే ఇంకా పాడవకుండా ఆగవచ్చు, పోయినది తిరిగి వస్తుందని ఆశపెట్టుకోవద్దు అన్నాడు. మిషను నుంచి తీసేశారు. ఇప్పుడు సొరంగం నోటి దగ్గర కుర్చీ వేసుకుని, బండి కదలాలంటే పచ్చ జెండా, ఆగాలంటే ఎర్ర జెండా ఊపుతాను. జెండా కర్రకి తాడు కట్టి మణికట్టుకి వేసుకున్నాను, పడిపోకుండా.

వంటాయన కలం ఆపి నా మొహంలోకి చూస్తున్నాడు. రాయవయ్యా అన్నాను. ఇది కూడా రాసేశాడు.

గది దర్జీకి ఇచ్చెయ్యమన్నది అలిగి కాదు అక్కా. నేను రిపేరు పని ఒక్కటే నేర్చుకున్నాను. అది చెయ్యాల్సిన వేళ్లు లేవు. నీ వీధిలోవాళ్లు తెచ్చి ఇచ్చిన రేడియోలూ ఫోనులూ పాడుచేసి నీ పరువు తియ్యలేను. షాపుకి బోర్డు రాయించకు. ఆ చొక్కా బావకి ఇచ్చెయ్యి, సరిపోతుంది.

నీ చిన్నోడు
(కింద అడ్డంగా గీసినది నా సంతకమే.)

ఆగస్టు 11

చిన్నోడా,

నీ సంతకం చూశాను. చాలాసేపు చూశాను.

ముందు నీ పని చెప్పేస్తాను. కొట్టాయన దగ్గరికి వెళ్లి తప్పు నాదేనని నలుగురిలోనే చెప్పాను. "పోనీలెండమ్మా, తమ్ముడిగారి చేతులు ఎలా ఉన్నాయి?" అన్నాడు. నేను చేతుల మాటే ఎత్తలేదు. ఆయనకెలా తెలిసిందో నాకు తెలియదు. బహుశా నువ్వు సామాన్లు కొన్న రోజున చూసే ఉంటాడు. పక్కనే నిలబడి నేను చూడలేదు.

నీ చేతులు బాగైపోతాయని రాయను. డాక్టరు కాదన్నాక నేను అవునంటే నీకు నా మీద నమ్మకం పోతుంది. నీ ఉత్తరం మీ బావ పైకి చదువుతుంటే విన్నాను. ఫ్యాను సంగతి దగ్గరికి వచ్చేసరికి ఆయన కాగితం నా చేతిలో పెట్టేశారు, మిగతాది నేనే చదువుకున్నాను. జేబులో వేసుకుపోయాడన్న మాటకి ఆయన కుమిలిపోతున్నారు. నీకు రాస్తానని కాగితం తీశారు. రెండు రోజులైంది, "బావమరిదీ" అని రాసి అక్కడే ఉన్నారు.

నాకు మాత్రం ఒకటే మెదులుతోంది. నేను లేచి వెళ్లి స్విచ్చి వేశాను. నువ్వు కసురుకుంటే, ఉక్కపోస్తోంది, నీకేం రోగం అన్నాను. నువ్వు తల వంచుకుని మళ్లీ పని చేసుకున్నావు. ఆ వంచుకున్న తల కళ్లలోంచి పోవడం లేదురా. వీపు అడ్డం పెట్టుకున్నావని ఇప్పుడు తెలిసింది. అప్పుడు ఆ వీపు మీద గుద్ది, "తొందరగా కానీ, లారీ వస్తుంది" అన్నాను.

బోర్డు కింద పడిపోయిన స్క్రూ తీశాను. అది ఎక్కడిదో వెతికి బిగించాను, గీతలు పడకుండా. నా చేతులు బాగానే ఉన్నాయి. అవి ఏం చెయ్యాలో చెప్పేవాళ్లే లేరు. టిక్‌మందో లేదో పక్కన కూర్చుని వినేవాడు కావాలి.

దర్జీని వెళ్లిపొమ్మన్నాను. చొక్కా మీ బావకి ఇవ్వలేదు. గుండీలు కోసేసి జిప్పు కుట్టించాను, ఆ దర్జీ చేతే.

నువ్వు రానంటావు. తెలుసు. నాలుగు ఉత్తరాల దాకా రానంటావు. అలా అనుకుంటూనే ఆ జెండాలు ఊపుకో. ఇక్కడ మాత్రం ఒక పని అయిపోయింది. ముందు గదిలో ఫ్యాను తీయించేశాం. మీ బావే స్టూలెక్కి విప్పారు. కిందికి దిగి, చేతులు కడుక్కుని, ఒక్క వేళాకోళం కూడా ఆడకుండా డ్యూటీకి వెళ్లిపోయారు. ఇప్పుడు ఆ గదిలో కూర్చుంటే ఎదురింటి వాళ్ల గడియారం కూడా వినిపిస్తోంది.

ఉక్కపోస్తుంది. పొయ్యనీ.

అక్క